తూకము – నాణ్యము

వరంగల్లు నగరమున ఎనుమాముల అను చోట గొప్ప వ్యవసాయ మార్కెట్టు ఒకటి కలదు. ఆసియా ఖండమునందలి పెద్ద మార్కెట్లలో ఒకటిగా దానికి పేరున్నది. పంటలు చేతికి వచ్చు దినములలో చుట్టుపట్ల పల్లెల నుండి ప్రత్తి, మిరప, పసుపు, మక్కలు, పల్లీలు లారీల మీదను, ట్రాక్టర్ల మీదను అచటికి చేరును. తెల్లవారునప్పటికే బస్తాలు వరుసలు తీరి యుండును. మిరప ఘాటునకు క్రొత్తవారు తుమ్ముచు కన్నీరు తుడుచుకొందురు. రైతులు, హమాలీలు, దడువాయిలు, వర్తకులు ఒకరినొకరు పిలుచుకొను కేకలతో యార్డు మారుమ్రోగుచుండును.

అచట బస్తాను కాంటాపై పెట్టినంత మాత్రమున ధర తేలదు. కొనువాడు మొదట బస్తాలో చేయి పెట్టి సరుకును పైకి తీసి చూచును. రంగు చూచును, ఎండినదో లేదో చూచును. ప్రత్తియైనచో తేమ ఎంత యున్నదో యంత్రముతో కొలుతురు. భారత ప్రత్తి సంస్థ వారు తేమ నూటికి 8 పాళ్లు మించిన కొలది ధర తగ్గింతురు. 12 పాళ్లు మించినచో కొననే కొనరు. నీటితో తడిసిన సరుకు కాంటాపై ఎక్కువ తూగును, కాని దాని విలువ ఎక్కువ కాదు. బాగుగా ఎండిన సరుకు తక్కువ తూగినను మంచి ధర పలుకును. తూకము వేరు, నాణ్యము వేరు. ఈ సంగతి ఓరుగల్లు రైతులలో తెలియనివారు లేరు.

మనుష్య దేహము విషయమున మాత్రము చాలమంది ఈ సత్యమును మరచిపోవుదురు. తూకపు యంత్రముపై నిలిచి, ముల్లు చూపిన అంకెను బట్టియే సంతోషింతురు, లేదా దుఃఖింతురు. ఆ అంకెలో ఏమేమి చేరియున్నదో విచారింపరు.

దేహపు బరువులో ఎముకలు, కండరములు, నీరు, క్రొవ్వు, లోపలి అవయవములు అన్నియు చేరియుండును. ఒకే ఎత్తు, ఒకే బరువు గల ఇద్దరిలో ఒకనికి కండ ఎక్కువగాను, మరియొకనికి క్రొవ్వు ఎక్కువగాను ఉండవచ్చును. క్రొవ్వు చెడ్డ పదార్థమేమియు కాదు. అది ఆహారము దొరకని కాలమునకై దేహము దాచుకొను గాదె వంటిది. చలి నుండి కాపాడును. అవయవములకు దెబ్బ తగులకుండ మెత్తవలె పనిచేయును. గాదె నిండి ధాన్యము వాకిటిలోనికి పొర్లినపుడే చిక్కు వచ్చును. క్రొవ్వు మితిమీరినపుడు, ముఖ్యముగా పొట్ట లోపల కాలేయము చుట్టును పేరుకొనినపుడు, మధుమేహము, రక్తపు పోటు, గుండెజబ్బు వచ్చుటకు అవకాశము పెరుగును. మోకాళ్లకు భారము ఎక్కువై నొప్పులు కలుగును. నిద్రలో ఊపిరి సరిగా ఆడదు.

బరువు తగినంత యున్నదో లేదో తెలిసికొనుటకు వైద్యులు ఒక లెక్కను వాడుదురు. కిలోలలో నున్న బరువును, మీటర్లలో నున్న ఎత్తు యొక్క వర్గముచే భాగింపవలెను. బెల్జియము దేశపు గణితవేత్త క్వెట్లే 19వ శతాబ్దమున ఈ పద్ధతిని కనిపెట్టెను. 160 సెంటీమీటర్ల ఎత్తు గల పెద్దవాడు 64 కిలోలు తూగినచో, 1.6 వర్గమైన 2.56తో 64ను భాగింపగా 25 వచ్చును. భారతీయులలో ఈ అంకె 18కును 23కును నడుమ నుండుట మంచిదనియు, 23 దాటినచో బరువు హెచ్చినట్లనియు, 25 చేరినచో స్థూలకాయము క్రింద లెక్కయనియు మన దేశపు వైద్యులు 2009లో నిర్ణయించిరి. ఐరోపావారికి ఈ హద్దులు ఇంకను పైన నుండును. భారతీయుల దేహములలో అదే బరువునకు కండ తక్కువగాను, క్రొవ్వు ఎక్కువగాను ఉండుటయే ఈ తేడాకు కారణము. చూచుటకు సన్నగా నున్నవారికి సైతము పొట్టచుట్టు క్రొవ్వు పేరుకొని యుండవచ్చును. అందుచేత నడుము చుట్టుకొలతను కూడ చూడవలెను. పురుషులకు అది 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు.

ఈ అంకెలన్నియు పెద్దవారికి మాత్రమే వర్తించును. బాలబాలికల ఎత్తు ఏటేట మారుచుండును గాన, వారికి వయస్సును బట్టి వేరు పట్టికలు కలవు. వానిని చూచి చెప్పవలసినవాడు వైద్యుడు. తోటి విద్యార్థి కాదు, అద్దమును కాదు.

తెలంగాణమున నేడు ఒక వింత పరిస్థితి కనబడుచున్నది. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఈ రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి సుమారు ముప్పదిమంది ఉండవలసిన దానికంటె ఎక్కువ బరువు కలవారు. అదే స్త్రీలలో దాదాపు ఐదవ వంతు మంది ఉండవలసిన దానికంటె తక్కువ బరువు కలవారు. ఐదేండ్లలోపు పిల్లలలో మూడవ వంతు వయస్సుకు తగినంత ఎత్తు పెరుగలేదు. ఒకే వీధిలో, ఒక్కొక్కచో ఒకే ఇంటిలో, లోటును హెచ్చును పక్కపక్కనే కాపురముండుచున్నవి. పైకి వేరువేరుగా కనబడినను రెండింటికిని మూలము ఒక్కటే. కడుపు నిండుచున్నది, కాని దేహమునకు కావలసినవి అందుట లేదు.

ఈ స్థితి ఎట్లు వచ్చినదో తెలిసికొనవలెనన్నచో వరంగల్లు ప్రాంతపు తిండిని, పనిని కొంచెము వెనుకకు పోయి చూడవలెను. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరము వంటి మహా తటాకములను త్రవ్వించిరి. వాని ఆయకట్టున వరి పండెడిది. నీరు పారని చెలక భూములలో జొన్న, సజ్జ, కొర్ర, తైద మొదలగునవి పండెడివి. సామాన్యుల ఇండ్లలో జొన్నరొట్టె, గటుక, అంబలి నిత్యపు తిండిగా నుండెడివి. వరియన్నము పండుగనాటి వంటకముగా నుండెడిది. పొలము పని, నీళ్లు తోడుట, దంచుట, విసరుట, ఊరినుండి ఊరికి నడచుట, ఇవన్నియు దేహమునకు వేరే వ్యాయామము అక్కరలేకుండ చేసెడివి.

ఆ కాలమును మరల కోరుకొనవలసిన పనిలేదు. అపుడు కరవులుండెను, పస్తులుండెను, కూలివాని పిల్లలకు కడుపునిండ తిండి దొరకుట కష్టముగా నుండెను. బావులు, విద్యుచ్ఛక్తి పంపులు వచ్చి వరిసాగు పెరిగెను. 1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పేదలకు కిలో రెండు రూపాయల చొప్పున బియ్యము ఇయ్య మొదలిడెను. ఆకలి తగ్గుట గొప్ప మేలు. కాని ఆ వెంటనే పళ్లెములో తెల్లని అన్నము పెరిగి, జొన్న తగ్గినది. పప్పును కూరయు అన్నము పెరిగినంతగా పెరుగలేదు. తరువాత మోటారు సైకిళ్లు వచ్చి నడక తగ్గినది. మిక్సీలు, మోటార్లు వచ్చి ఇంటి పని సులువైనది. టెలివిజనులు, సెల్‌ఫోనులు వచ్చి పిల్లలను ఆటస్థలము నుండి గదిలోనికి రప్పించినవి. తిండి మారినది, పని తగ్గినది. దేహము మాత్రము పూర్వపు దేహమే.

దేహము ప్రతిదినము జమాఖర్చు వ్రాసికొను చిన్న దుకాణము వంటిది. తిన్న ఆహారము జమ. చేసిన పని ఖర్చు. ఈ లెక్కకు కొలమానము కెలోరీ. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కించుటకు పట్టు శక్తిని ఆహారశాస్త్రమున ఒక కెలోరీ అందురు. ఒక గ్రాము పిండిపదార్థము నుండి 4, ఒక గ్రాము మాంసకృత్తు నుండి 4, ఒక గ్రాము క్రొవ్వు నుండి 9 కెలోరీల శక్తి లభించును. నూనెలో వేగిన వంటకము కొంచెమైనను లెక్కలో ఎక్కువగా పడుటకు ఇదియే కారణము.

ఖర్చు వైపున మూడు పద్దులు కలవు. మొదటిది, మనిషి కదలక పడుకొని యున్నను ఆగనిది. గుండె కొట్టుకొనుట, ఊపిరి తీయుట, మెదడు పనిచేయుట, వేడి నిలుపుకొనుట, ఇవి సామాన్యముగా మొత్తములో సగమునకు పైగా తీసికొనును. రెండవది, తిన్నదానిని అరగించుకొనుటకగు ఖర్చు; ఇది పదవ వంతు మాత్రమే. మూడవది కదలిక. మనిషి చేతిలో నున్న పద్దు ముఖ్యముగా ఈ మూడవదియే.

జమ, ఖర్చు సమానముగా నున్నంత కాలము బరువు నిలకడగా నుండును. జమ కొంచెము హెచ్చినను, ఆ హెచ్చు దినదినమును సాగినచో క్రొవ్వు రూపమున నిలువ చేరును. ఒక కిలో క్రొవ్వు కణజాలములో సుమారు 7,700 కెలోరీలు దాగియుండును. 300 మిల్లీలీటర్ల తీయని శీతల పానీయములో సుమారు 30 గ్రాముల పంచదార, అనగా ఏడెనిమిది చిన్న చెంచాలు, కరగియుండును. దాని శక్తి 120 కెలోరీలు. మామూలు తిండికి అదనముగా దినమునకొక సీసా త్రాగినచో, లెక్క ప్రకారము 64 దినములలో ఒక కిలో క్రొవ్వునకు సరిపడు శక్తి పోగగును. దేహము తన ఖర్చును కొంత సర్దుకొనును గాన పెరుగుట అంతకంటె కొంచెము తక్కువ కావచ్చును. ఐనను లెక్క పోకడ అదియే. ఆ సీసాను రెండు నిమిషములలో త్రాగవచ్చును. 60 కిలోల మనిషి దానిని ఖర్చు పెట్టుటకు అరగంటకు పైగా చురుకుగా నడువవలెను.

ఈ లెక్క తెలియగానే కొందరికి తొందర పుట్టును. జమయే లేకుండ చేసినచో బరువు వెంటనే తగ్గునుగదా అని తలతురు. ఎనిమిదవ తరగతి చదువు ఒక బాలుని ఊహించుకొనవచ్చును. అతడు కొంచెము లావుగా నుండును. కబడ్డీ జట్టులో చేర్చుకొనక తోటివారు నవ్విరి. ఆ నవ్వు అతని మనస్సున నాటుకొని, మరునాటి నుండి ఉదయపు ఫలాహారము మానెను. మధ్యాహ్నపు డబ్బాను సగము స్నేహితునకు ఇచ్చెను. మొదటి వారము తూకము తగ్గినట్లు కనబడెను. తగ్గినదానిలో పెద్ద భాగము నీరని అతడెరుగడు. రెండవ వారమున తల నొప్పి పట్టెను; పాఠము చెవికెక్కకుండెను; చెల్లెలిపై ఊరక కోపము వచ్చుచుండెను. సాయంకాలము ఇల్లు చేరగానే ఆకలికి ఓర్వలేక మురుకుల డబ్బా ఖాళీ చేసెను. పిదప తన్ను తానే నిందించుకొని, మరునాడు మరల పస్తుండెను. ఆ బాలునిలో లోపము లేదు. అతడెంచుకొన్న దారి తప్పు.

ఆ దారి ఎందులకు తప్పో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగము తెలుపుచున్నది. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, యుద్ధముచే ఆకలిపాలైన ప్రజలకు తిరిగి ఎట్లు ఆహారమీయవలెనో తెలిసికొనుటకై, 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు సగము తిండియే పెట్టెను. వారు స్వేచ్ఛగా ముందుకు వచ్చినవారు. ఆరు నెలలలో వారి బరువు నాలుగవ వంతు తగ్గినది. క్రొవ్వుతోపాటు కండయు కరగినది. గుండె వేగము తగ్గినది, చలి ఎక్కువైనది, చికాకు, విచారము పెరిగినవి. పగలును రాత్రియు తిండిని గూర్చిన తలపే. తిరిగి కావలసినంత పెట్టినపుడు వారు ఎంత తిన్నను తృప్తి లేకుండెను. పోయిన బరువు తిరిగి వచ్చినపుడు కండకంటె ముందు క్రొవ్వు చేరినది. పస్తు వలన సరుకు నాణ్యము చెడినదే కాని బాగుపడలేదు.

‘లంఖణం పరమౌషధ’మను సామెత తెలుగునాట కలదు. అజీర్ణము చేసినపుడు ఒక పూట కడుపునకు విశ్రాంతి నిచ్చుటకు ఆ మాట చెప్పిరి. పెరుగు వయస్సు బాలబాలికలు బరువు తగ్గుటకై పస్తుండవలెనని దాని అర్థము కాదు. 2020లో భారత వైద్య పరిశోధన మండలి చేసిన నిర్ణయము ప్రకారము, కూర్చుండి పనిచేయు పురుషునకు దినమునకు సుమారు 2,110 కెలోరీలు, స్త్రీకి 1,660 కెలోరీలు చాలును. 13 మొదలు 15 ఏండ్ల బాలునకు 2,860, బాలికకు 2,400 కావలెను. ఆఫీసులో కూర్చుండు తండ్రి కంటె ఎనిమిదవ తరగతి కుమారునకు ఎక్కువ ఆహారము అవసరము. ఎముక పొడవగుట, కండ కట్టుట, రక్తము పెరుగుట ఈ వయస్సుననే జరుగును. లావుగా నున్న బాలునకు చాల పర్యాయములు బరువు తగ్గించుకొనవలసిన అగత్యమే ఉండదు. మంచి తిండి తిని, బాగుగా ఆడుకొని, బరువును అట్లే నిలుపుకొన్నచో, ఎత్తు పెరిగిన కొలది అది తనంతట తాను సరిపోవును. బరువు తగ్గించునని అమ్ము పొడులు, మాత్రలు, చెమట పట్టించు పట్టీలు పిల్లల దరికి రాకూడనివి. చెమటతో పోవునది నీరే. రెండు గ్లాసుల నీళ్లు త్రాగగానే అది తిరిగి వచ్చును.

సరియైన తిండి ఎట్లుండవలెనో చెప్పుటకు తెలుగువారి నడుమనే ఒక గొప్ప సంస్థ కలదు. అది హైదరాబాదులోని తార్నాకలో నున్న జాతీయ పోషకాహార సంస్థ. 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్టు మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు ఒక చిన్న గదిలో దీనికి అంకురార్పణ చేసెను. మరపట్టిన తెల్లబియ్యమే ముఖ్యాహారముగా గలవారికి ఆ వ్యాధి వచ్చుచుండెను. మెక్‌కారిసన్ ఎలుకలకు దేశములోని వేరువేరు ప్రాంతముల భోజనములను పెట్టి చూచెను. ముడిగోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు గల భోజనము తిన్న ఎలుకలు ఏపుగా పెరిగెను. తెల్లబియ్యము మీదనే ఆధారపడినవి బలహీనములయ్యెను. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు పొందినది.

ఆ సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము, దినమునకు 2,000 కెలోరీలు కావలసిన పెద్దవాని పళ్లెములో కూరగాయలు, ఆకుకూరలు కలిసి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, ధాన్యములు 250 గ్రాములు, పప్పులు లేదా గ్రుడ్డు, మాంసము 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు ఉండవలెను. అనగా పళ్లెములో సగము కూరగాయలు, పండ్లు. వరంగల్లు ఇండ్లలో సామాన్యముగా దీనికి తలక్రిందులుగా జరుగుచుండును. అన్నము కొండవలె నుండును. కూర ఆ కొండ ప్రక్కన గులకరాయివలె నుండును. అన్నమును తగ్గించి పప్పును కూరను పెంచినచో, పళ్లెము నిండియే యుండును, కడుపు నిండియే యుండును. లెక్క మాత్రము మారును.

ఇందులకు పరదేశపు పదార్థములు కొనవలసిన పనిలేదు. జొన్నలను చూడుడు. నూరు గ్రాముల జొన్నలలోను, నూరు గ్రాముల బియ్యములోను శక్తి ఇంచుమించు ఒక్కటే. కాని తెల్లబియ్యములో పీచు సుమారు 3 గ్రాములుండగా, జొన్నలో 10 గ్రాములుండును. మాంసకృత్తులు బియ్యములో 8, జొన్నలో 10 గ్రాములు. పీచు అరుగుదలను నెమ్మదింపజేయును. అందుచే రెండు జొన్నరొట్టెలు తిన్నవానికి త్వరగా ఆకలి వేయదు. తైదలలో నూరు గ్రాములకు 360 మిల్లీగ్రాములకు పైగా సున్నపు ధాతువు కలదు. అది ఎముకలకు బలము. భారతదేశపు ప్రతిపాదనను ఆమోదించి ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఓరుగల్లు ముదుసలులకు చిరపరిచితమైన తిండిని లోకమంతయు మరల గుర్తించినదన్నమాట. పెసరపప్పు, చిక్కుడు, బీర, సొర, తోటకూర, గోంగూర, మునగాకు, జామ, సీతాఫలము, మజ్జిగ, ఉడికిన గ్రుడ్డు, వేయించని పల్లీలు, ఇవన్నియు అంగడిలో సులభముగా దొరకునవే.

సంక్రాంతికి సకినాలు, దసరాకు పిండివంటలు మానవలెనని ఎవరును చెప్పరు. పండుగ ఏడాదికి కొన్ని దినములే. దేహమునకు లెక్క తప్పించునది మిగిలిన మూడువందల దినముల అలవాటు. సర్వపిండి ఇంట చేసినపుడు నూనె కొంచెము తగ్గించి, ప్రక్కన పెరుగును కీరదోసయు పెట్టుకొనవచ్చును. ప్రతి సాయంకాలము బండివద్ద మిరపకాయ బజ్జీలు తినుటకు బదులు వారమునకొక దినము తినవచ్చును. నెమ్మదిగా నమిలి తినుట, టెలివిజను ముందు తినకుండుట, దాహమునకు నీళ్లే త్రాగుట, ఇవి ఖర్చు లేని నియమములు.

ఇక కదలికను గూర్చి చెప్పవలెను. లండను నగరమున రెండంతస్తుల బస్సులు తిరుగును. వానిలో డ్రైవరు దినమంతయు కూర్చుండియే పనిచేయును. కండక్టరు టికెట్లు ఇచ్చుటకై దినమునకు కొన్నివందల మెట్లు ఎక్కి దిగుచుండెడివాడు. ఇద్దరిదియు ఒకే సంస్థ, ఇంచుమించు ఒకే జీతము. జెరీ మారిస్ అను వైద్యుడు వేలకొలది రవాణా ఉద్యోగుల ఆరోగ్యమును పరిశీలించి, 1953లో ఫలితము ప్రకటించెను. కండక్టర్లకు గుండెజబ్బు డ్రైవర్లకంటె తక్కువగా వచ్చుచుండెను. వచ్చినను తరచుగా వయస్సు మీరిన తరువాత వచ్చుచుండెను. అట్లే వీధులు తిరిగి ఉత్తరములు పంచు వారికి, బల్లముందు కూర్చుండు గుమాస్తాలకంటె ఆ జబ్బు తక్కువ. వ్యాయామశాలకు పోకుండ, వృత్తిలోని మెట్లతోనే కండక్టరు తన గుండెను కాపాడుకొనెను.

వరంగల్లువారికి కదలిక క్రొత్త విద్య కాదు. 1213 నాటి రామప్ప దేవాలయపు నాట్యశిల్పములు, దేహమును స్వాధీనమున నుంచుకొనిన వారికే సాధ్యమగు భంగిమలతో నేటికిని చూపరులను ఆకర్షించుచున్నవి. గణపతిదేవుని గజసైన్యాధిపతియైన జాయపసేనాని స్వయముగా ‘నృత్తరత్నావళి’ అను నాట్యశాస్త్ర గ్రంథమును రచించెను. వీరులకు తగిన పేరిణి నృత్యమును నటరాజ రామకృష్ణ 20వ శతాబ్దమున పునరుద్ధరించెను. ఏటేట తొమ్మిది దినములు వేయిస్తంభముల గుడి ముంగిట స్త్రీలు తంగేడు, గునుగు పూలతో బతుకమ్మలను పేర్చి, వంగుచు లేచుచు చప్పట్లు చరచుచు గంటలకొలది వలయముగా తిరుగుదురు. అది పండుగయు నగును, ఆటయు నగును, వ్యాయామమును అగును. పక్కన తోడుగా పదిమంది యుండుటచేత అలసట తెలియదు. తొమ్మిది దినములకే ఆ ఆట ఆగిపోవలసిన అగత్యము లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 మొదలు 17 ఏండ్ల వారు దినమునకు సగటున 60 నిమిషములు చురుకుగా కదలవలెనని 2020లో సూచించినది. పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషములు. పాఠశాలకు నడచిపోవుట, సైకిలు త్రొక్కుట, కబడ్డీ, ఖోఖో, త్రాడు దూకుట, భద్రకాళి చెరువుకట్టపై సాయంకాలపు నడక, పద్మాక్షిగుట్ట మెట్లెక్కుట, ఇల్లు ఊడ్చుట, బిందెతో నీళ్లు మోయుట, అన్నియు ఈ లెక్కలో చేరును. బాలురు మైదానమున ఆడుకొనుచుండగా బాలికలను వంటింటికే పరిమితము చేయుట అన్యాయము. వారి ఎముకలకును అదే వ్యాయామము కావలెను. వారమునకు మూడు దినములైనను గుంజీలు, దండములు వంటి కండ పెంచు సాధన చేయుట మంచిది. ఈ వయస్సువారికి రాత్రి ఎనిమిది గంటలకు తగ్గని నిద్రయు ముఖ్యము. నిద్ర చాలనివానికి మరునాడు తీపియు నూనెయు గల తిండిపై కోరిక పెరుగును.

పెద్దవారిలో నిజముగా బరువు తగ్గవలసినవారు సైతము నెమ్మదిగా తగ్గవలెను. వారమునకు అరకిలో చాలును. దినమునకు రెండు చెంచాల పంచదార, కొంచెము అన్నము తగ్గించి, అరగంట ఎక్కువ నడచినచో అందులకు తోడ్పడును. నెలలు గడచిన తరువాత ముల్లు కదలుట ఆగినట్లు తోచును. అప్పుడే చాలమంది నిరాశపడి అన్నియు మానివేయుదురు.

అట్టివారు చెన్నైలో జరిగిన ఒక పరిశోధనను తెలిసికొనవలెను. రక్తములో చక్కెర ఉండవలసిన దానికంటె కొంచెము పెరిగి, మధుమేహమునకు దగ్గరగా నున్న 531 మందిని అచటి వైద్యులు మూడేండ్ల పాటు పరిశీలించిరి. ఫలితములు 2006లో వెలువడెను. మామూలుగా జీవించిన వారిలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చెను. ఆహారము సరిచేసికొని, దినమును నడచినవారిలో 39 మందికి మాత్రమే వచ్చెను. ఇందులో విశేషమేమనగా, ఆ రెండవ జట్టువారి బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు. తూకపు యంత్రము చూచి ఫలము లేదని వారు మానియున్నచో, ఎందరికో రోగము వచ్చియుండెడిది. ముల్లు కదలలేదు; లోపలి సరుకు బాగుపడినది.

కాబట్టి లావుగా నున్న తోటివానిని చూచి నవ్వువాడు రెండు తప్పులు చేయుచున్నాడు. తూకమును బట్టి మనిషికి ధర కట్టుట మొదటి తప్పు. అతనిని మైదానము నుండి దూరము చేసి, అతనికి కావలసిన మందునే లాగివేయుట రెండవ తప్పు. ఇందాక చెప్పిన బాలునకు నవ్వుకు బదులు జట్టులో ఒక చోటు ఇచ్చి, పస్తుకు బదులు రెండు జొన్నరొట్టెలును ఆకుకూర పప్పును పెట్టినచో చాలును. ఏడాది తిరుగునప్పటికి అతడు రెండు మూడు అంగుళములు పొడవగును. మైదానము చుట్టును ఆగకుండ పరుగెత్తగలుగును. అతని బరువు ఎంత యున్నదో అడుగవలసిన అవసరము అప్పుడెవరికిని తోచదు.

ఎనుమాముల యార్డులో అనుభవజ్ఞుడైన వర్తకుడు కాంటా వైపు చూచుటకు ముందు బస్తాలో చేయి పెట్టును. దేహమును గూర్చి ఆలోచించువారికిని అదియే పద్ధతి. ఎంత తూగుచున్నామని కాక, ఏమి తినుచున్నాము, ఎంత కదలుచున్నాము, ఎంత హాయిగా నిద్రించుచున్నాము అని మొదట విచారింపవలెను. నాణ్యము బాగుగా నున్నచో తూకము తన చోటికి తానే వచ్చును.